లండన్ వెళ్లొస్తే లెక్క మొదటికి రాదు

మా యానాంలో ఫ్రాన్సులో చుట్టాలున్న ఇళ్లు చాలానే ఉన్నాయి. 1962లో ఒప్పందం అమల్లోకి వచ్చినప్పుడు ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకున్నవాళ్ల పిల్లలు, మనవలు అక్కడే స్థిరపడ్డారు. మా చెల్లెల్ని అలాంటి ఇంటికే ఇచ్చాం. పురుడు పోయడానికి పిన్ని 2025 జనవరి 10న పారిస్‌లో దిగింది. మేలో తిరుగు టికెట్టు. ఏప్రిల్లో చెల్లెలు ఉద్యోగంలో చేరాలి, బిడ్డకి క్రెష్‌లో చోటు జూన్‌లో గాని రాదు. అందుకని అంతకాలం.

"తొంభై రోజులేగా ఇచ్చారు?" అని మేం అడిగితే, చుట్టాల్లో ఒకాయన, "ఏం ఫరవాలేదండీ, మధ్యలో ఓ పది రోజులు లండన్ వెళ్లొస్తే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుద్ది" అన్నారు. మేమూ నమ్మేశాం. పిన్ని మార్చి 26న లండన్ బయల్దేరింది.

ఆమె అక్కడుండగా చెల్లెలు కేలండరు ముందేసుకుని లెక్కేసింది. షెంజెన్ దేశాల్లో నియమం ఏ 180 రోజుల్లోనైనా మొత్తం 90 రోజులే. దిగిన రోజు, బయల్దేరిన రోజు కూడా లెక్కలోకే వస్తాయి. పిన్ని అప్పటికే 76 రోజులు వాడేసింది. లండన్‌లో ఉన్న రోజులు లెక్కకి రావు గాని, పాతవి చెరిగిపోవు. ఏప్రిల్ 5న తిరిగొస్తే మిగిలింది 14 రోజులే, అంటే 18వ తేదీ దాకా. జనవరి రోజులు లెక్కలోంచి జారిపోవడం మొదలయ్యేది జులై 9 నుంచి. వీసా మీద అనేకసార్లు ప్రవేశించవచ్చని ఉంది కాబట్టి సరిపోయింది. ఒక్కసారికే అయ్యుంటే లండన్ నుంచి మనవణ్ణి చూడ్డానికి కూడా వెనక్కి రాలేకపోయేది.

"ఇంకో నెల ఉంటే ఎవరు చూస్తార్లే" అన్నవాళ్లూ ఉన్నారు. పిన్ని ఒప్పుకోలేదు. "మళ్లీ రానివ్వకపోతే వీణ్ణి ఎప్పుడు ఎత్తుకుంటాను?" అంది. ఏప్రిల్ 17న బయల్దేరి వచ్చేసింది. చెల్లెలు జీతం లేని సెలవు పెట్టుకుంది.

పిన్ని చేసిందే సరైనదని మా అభిప్రాయం. 2025 అక్టోబరు 12 నుంచి అక్కడ రాకపోకలన్నీ యంత్రాల్లో నమోదు చెయ్యడం మొదలైంది. పాస్‌పోర్టు మీద ముద్ర మసకబారిందనే ఆశకి ఇక చోటు లేదు. శారదా చట్టం వచ్చాక బ్రిటిషు వైపు వాళ్లు పిల్లల పెళ్లిళ్లు చెయ్యడానికి యానాం వచ్చేవారు, అందుకే ఊరికి కల్యాణపురమనే పేరొచ్చింది. గట్టు దాటితే చట్టం మారిపోతుందన్న నమ్మకం మన రక్తంలోనే ఉందేమో! ఇక్కడ మాత్రం గట్టు దాటినా లెక్క మన వెంటే వస్తుంది.

పిల్లలకి ఒక మాట. అమ్మని పిలిచే ముందు టికెట్టు కాదు, కేలండరు చూడండి. వీసా కాగితం మీద చెల్లుబాటు తేదీలు వేరు, ఉండనిచ్చే రోజులు వేరు. మూడు నెలలు మించి కావాలంటే ముందే దీర్ఘకాలిక వీసాకి పెట్టండి. కాగితాలు ఎక్కువే, నిజమే. రోజులు కొన్నే ఉంటే పురుటికి కొన్ని, మీరు ఉద్యోగంలో చేరే వేళకి కొన్ని అట్టేపెట్టండి. అమ్మమ్మ తీరిగ్గా ఉందని అన్నీ మొదట్లోనే ఖర్చు చేసేస్తే, అసలు అవసరం వచ్చేసరికి ఆవిడ యానాంలో ఫోను పట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది.