ఆర్పుటకు వీలులేని నిప్పేల?

పైరును, పశువును పీడించు పురుగును విషముతోగాక సంతానహీనతచేతనే జయించు ఉపాయ మొకటి లోకమున పరీక్షకు నిలిచినది. పురుగులను లక్షలకొలది పెంచి, కిరణములచే వాని సంతానశక్తిని హరించి విడుతురు. అట్టి మగపురుగుతో కూడిన ఆడుదాని గ్రుడ్లు పిల్లలు కావు. 1954లో క్యూరసావ్ ద్వీపమున పశువుల గాయములను తొలుచు స్క్రూవర్మ్ ఈగ ఇట్లే నశించినది. ఈ ఉపాయమును మేము మనసార కొనియాడుచున్నాము. మా వివాదమెల్ల ఆ కిరణముల పుట్టుకను గూర్చియే.

నేటికిని పెక్కుచోట్ల అందులకు కోబాల్టు-60, సీసియం-137 అను రేడియోధార్మిక పదార్థములనే ఆశ్రయించుచున్నారు. కోబాల్టు శక్తి సగమగుటకు 5.27 సంవత్సరములు, సీసియమునకు 30 సంవత్సరములు పట్టును. పనియున్నను లేకున్నను, యజమాని మేల్కొన్నను మరచినను, అది మండుచునే యుండును. మరచినచో నేమగునో యెరుగమా? 1987లో బ్రెజిల్ దేశపు గోయానియాలో పాడువడిన చికిత్సాలయమందలి సీసియము పాతయినుము వర్తకులచేతబడి నలుగురిని బలిగొన్నది. 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయము వేలమువేసిన కోబాల్టు పెట్టె మాయాపురి పాతసామాను అంగళ్లకు చేరి యొకని ప్రాణము తీసినది. అవి పురుగులకొరకు కొన్నవి కావు; కాని పురుగుల పెట్టెలలో నున్నదియు ఆ పదార్థములే.

ఎలక్ట్రాను త్వరణయంత్రమున ఈ భయము లేదు. విద్యుత్తు నాపిన క్షణమే కిరణము నిలిచిపోవును. దొంగకు దొరకునది యినుమేగాని మృత్యువు గాదు. ఇది వింతమాటయు గాదు: 1951లో స్క్రూవర్మ్ ఈగపై ప్రకటితమైన తొలి పరిశోధనమే ఎక్స్-కిరణ యంత్రముతో జరిగినది. మనదేశమున ఇండోరులోని రాజా రామన్న కేంద్రమువారు 10 మిలియను ఎలక్ట్రాను వోల్టుల యంత్రములను నిర్మించియున్నారు.

ఎలక్ట్రానులు లోతుగ చొరవందురా? పురుగుల ప్యూపాలను పలుచగ పరచిన చాలును. లేదా ఆ ఎలక్ట్రానులనే లోహఫలకమునకు తాకించి, లోతుగ చొచ్చు ఎక్స్-కిరణములను పుట్టింపవచ్చును. విద్యుత్తు నిలకడగ నుండదందురా, మరమ్మతునకు నిపుణులు కావలయునందురా? నిజమే. యంత్రమాగిన నాడు పనియాగును. పదార్థము చేజారిన నాడు ప్రాణములు పోవును. ఈ రెండును సమానములా?

ఉన్న పెట్టెల నొక్కదినమున తొలగింపుడని మేము కోరుటలేదు. క్షీణించిన కోబాల్టును మరల నింపదలచినపుడెల్ల, క్రొత్త కీటకశాలకు పునాది వేయునపుడెల్ల, ఏలికలు మొదట యంత్రమునే విచారింపవలెను. పదార్థమునే కొందురేని, తుదకు దాని నెవరు, ఎచట, ఎవరి వ్యయమున భద్రపరతురో ప్రజలకు ముందే చెప్పవలెను. ఆర్పు మార్గ మెరిగినవారికే నిప్పు రాజేయు అధికారము గలదు.