నగలపెట్టెలో రివాల్వర్

"నా రెండుపేటల గొలుసు అమ్మి అయినా సరే, దానికో పిస్తోలు కొనిపెడతానే!" అంది మా అక్క. స్టౌ మీద పోపు మాడుతున్నా ఆవిడకి పట్టలేదు.

"దానికి" అంటే కూతురికి. మాదాపూర్‌లో ఉద్యోగం. రాత్రి పదకొండింటికి కంపెనీ కారు మారేడ్‌పల్లిలో మా సందు మొదట్లో దింపేసి పోతుంది. సందులో దీపం వెలగదు. పోయిన వారం మోటారుసైకిలు మీద ఒకడు ఆ చీకట్లో దాని వెనకాలే నెమ్మదిగా గేటుదాకా వచ్చాడట. ఏమీ అనలేదు, ఏమీ చెయ్యలేదు. పిల్ల గడియ తీసేదాకా చూస్తూ నిలబడి, వెళ్ళిపోయాడు. అది మూడురోజులు సరిగ్గా అన్నం తినలేదు.

కనక అక్క భయాన్ని చూసి నేను నవ్వను. 2019 నవంబరులో శంషాబాదు దగ్గర ఆ పశువుల డాక్టరమ్మాయికి జరిగింది విన్నాక, జంటనగరాల్లో ఆడపిల్లని కన్న ఏ తల్లీ నిశ్చింతగా నిద్రపోలేదు. నా కోపం భయం మీద కాదు, ఆ భయాన్ని తూకం వేసి అమ్మేవాళ్ళ మీద.

2014 జనవరిలో కాన్పూర్‌లోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం ఆడవాళ్ళ కోసమని "నిర్భీక్" అనే రివాల్వర్‌ని విడుదల చేసింది. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో బలైన పిల్లకి లోకం పెట్టిన "నిర్భయ" పేరే దీనికి మూలం. .32 బోరు, బరువు సుమారు అరకిలో, ధర అప్పట్లో 1,22,360 రూపాయలు. అది అమ్మింది దేనిలో పెట్టి అనుకున్నారు? మెరూన్‌రంగు నగలపెట్టెలో! గొలుసు అమ్మితే గానీ కొనలేని వస్తువుని నగలపెట్టెలో పెట్టి ఇవ్వడం ఎవరి తెలివో గాని, ఆడది అనగానే వాళ్ళకి ఇంకేమీ తోచలేదు కాబోలు. రేతిఫైల్ బస్టాండులో రాత్రి పదింటికి బస్సు కోసం నిలబడే నర్సమ్మకీ, జనరల్ బజారు బట్టలకొట్టు మూసి ఇంటికి నడిచే సేల్స్‌గర్ల్‌కీ లక్షా ఇరవైరెండు వేలెక్కడివి? అంటే భయం అందరిదీ, ధైర్యం మాత్రం డబ్బున్నవాళ్ళదన్నమాట.

సరే, కొన్నామే అనుకోండి. ఇరవైఒక్క ఏళ్ళు నిండాలి, పోలీసు కమిషనర్ ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి, ప్రాణభయం ఉందని వాళ్ళని ఒప్పించాలి, విచారణ జరగాలి, శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ తేవాలి. ఇవన్నీ ఉండాల్సినవే, నేను తప్పు పట్టను. ఎన్నికలొస్తే సాధారణంగా దాన్ని ఠాణాలో అప్పగించమంటారు. మోటారుసైకిలు వాడు ఎన్నికల కోడ్ పాటిస్తాడో లేదో మరి!

ఇక దాన్ని ఎక్కడ పెట్టుకోవడం? డల్లాస్‌లో ఉన్న నా కాలేజీ స్నేహితురాలిని ఫోనులో అడిగాను. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు నుంచి ఇరవైఒక్క ఏళ్ళు దాటినవాళ్ళు, చట్టం కాదన్నవాళ్ళు తప్ప, లైసెన్సు లేకుండానే పిస్తోలు పెట్టుకు తిరగొచ్చు. అక్కడ కొట్లో చీరలు పరిచినట్టు పరుస్తారట. పిడి అరచేతిలో ఇమిడిందా, ట్రిగ్గరు దాకా వేలు సుఖంగా అందుతోందా, గుండు పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బకి మణికట్టు ఆగుతుందా అని చూస్తారట. తర్వాత ఒర. ట్రిగ్గరుని పూర్తిగా కప్పేదే కొనాలట. నడుముకి బిగించేది ఒకరకం, తొడకి కట్టేది ఒకరకం, రహస్యపు జిప్పుతో హ్యాండ్‌బ్యాగు ఇంకోరకం. నడుముకీ తొడకీ అనగానే నా కుచ్చిళ్ళు నవ్వాయి. చీర కట్టినవాళ్ళకి మిగిలేది హ్యాండ్‌బ్యాగే గదా! ఆ బ్యాగులో తాళంచెవి వెతకడానికే నాకు అయిదు నిమిషాలు పడుతుంది. అయినా దొంగ మొదట లాక్కునేదే బ్యాగు.

నవ్వు అక్కడితో ఆగిపోయింది. 2014 డిసెంబరు 30న అమెరికాలో ఐడహో రాష్ట్రంలోని హేడెన్ ఊళ్ళో, ఇరవై తొమ్మిదేళ్ళ తల్లి ఒకామె పిల్లల్ని తీసుకుని బజారుకెళ్ళింది. సరిగ్గా అలాంటి రహస్యపు జిప్పు బ్యాగే. క్రిస్మస్‌కి భర్త కొనిచ్చాడు. రెండేళ్ళ కొడుకు జిప్పు తీసి లోపల చెయ్యి పెట్టాడు. ఆ తల్లి అక్కడికక్కడే పోయింది.

అక్కకిది చెప్తే, "మనింట్లో చిన్నపిల్లలు లేరుగా" అంది. నిజమే. మొగవాళ్ళున్నారుగా! మన దేశంలో 2022లో ఆడవాళ్ళ మీద నమోదైన నేరాల్లో నూటికి 31 పైచిలుకు, భర్తా అతని బంధువులూ పెట్టిన హింసే. అన్నిటికన్నా పెద్ద పద్దు అది. కాలిఫోర్నియాలో లక్షలమంది వివరాలు పరిశీలించి స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 2022లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, పిస్తోలు ఉన్న మనిషితో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు జీవితభాగస్వామి చేతిలో ఇంట్లోనే తుపాకీకి బలయ్యే ప్రమాదం ఏడురెట్లు. అలా పోయినవాళ్ళలో నూటికి 84 మంది ఆడవాళ్ళు. బీరువాలో పెట్టిన రివాల్వర్ ఎవరి పేరున ఉందో తాగొచ్చినవాడు చూడడు. ఆ నిర్భీక్‌ని మొగుడి మీదా, బావగారి మీదా, ట్యూషన్ మాస్టారి మీదా గురిపెట్టమని నగలపెట్టె అమ్మినవాళ్ళు మనకి చెప్పారా?

పెప్పర్ స్ప్రే సంగతంటారా, నేనూ ఒకటి పెట్టుకుంటాను. కాని 2014 ఫిబ్రవరి 13న విజయవాడ ఎం.పి. లగడపాటి రాజగోపాల్‌గారు దాన్ని లోక్‌సభలో కొట్టారు చూడండి, ఆడవాళ్ళ ఆత్మరక్షణ సాధనానికి దేశమంతటా పేరొచ్చింది ఆయన ధర్మమా అని! సభ సభంతా దగ్గుతూ కళ్ళు తుడుచుకుంటూ బయటికి పరిగెత్తింది. మూసిన గదిలో అది శత్రువునీ మిత్రుణ్ణీ ఎంచదు.

ఇవన్నీ విని మా పిల్ల ఒక్కమాట అంది. "పిన్నీ, వాడు తిరగడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. నేను ఇంటికి రావడానికి మాత్రం నాకు లైసెన్సు కావాలా?" మా అక్క ఏమీ అనలేదు, స్టౌ ఆపేసింది.

మర్నాడు అక్కా నేనూ వీధిదీపం కోసం అర్జీ పట్టుకెళ్ళాం. ఇది మూడోది. మొదటి రెండూ కనబడడం లేదన్నాడు గుమాస్తా. ఈసారి సందులోని పదకొండు ఇళ్ళ ఆడవాళ్ళ సంతకాలున్నాయి. రసీదు చేతికొచ్చేదాకా లేవనని అక్క ఆ రెండుపేటల గొలుసుతోనే కుర్చీలో బైఠాయించింది. మధ్యాహ్నం రెండింటికి ఇచ్చాడు. దీపం ఇంకా వెలగలేదు. రాత్రి పదకొండింటికి సందు మొదట్లో టార్చిలైటు పట్టుకుని మేమిద్దరమే నిలబడుతున్నాం. నిన్నటినుంచి ఎదురింటి వదినగారు కూడా వస్తున్నారు.