ఫైబర్‌ రైలును ‘వింటుంది’... ఆగిన రైలు సంగతేంటి?

పట్టాల వెంట భూమిలో ఆప్టికల్‌ ఫైబర్‌ కేబుల్‌ ఉంటుంది. దాన్ని వేసింది సమాచారం పంపడానికి. ఇప్పుడు అదే కేబుల్‌ సెన్సర్‌గానూ మారుతోంది. ఈశాన్య సరిహద్దు రైల్వే ‘గజరాజ్‌’ పేరుతో పట్టాల దగ్గరికొచ్చే ఏనుగులను ఇలాగే పసిగడుతోంది. ఏనుగు అడుగుల చప్పుడు దొరికితే, వందల టన్నుల రైలు దొరకదా?

దొరుకుతుంది. కేబుల్‌లోకి లేజర్‌ పల్స్‌ పంపితే కొంచెం కాంతి వెనక్కి చెదురుతుంది. నేల అదిరితే ఆ కాంతి ఫేజ్‌ మారుతుంది. ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కి.మీ. అంటే 1 కి.మీ. వెళ్లి రావడానికి 10 మైక్రోసెకన్లు. ఎంతసేపటికి తిరిగొచ్చిందో లెక్కిస్తే, ఎక్కడ అదిరిందో తెలిసిపోతుంది. దీన్నే డిస్ట్రిబ్యూటెడ్‌ అకౌస్టిక్‌ సెన్సింగ్‌ (డాస్‌) అంటారు. ఒక్క పరికరంతో పదుల కిలోమీటర్లు కనిపెట్టొచ్చు.

అసలు చిక్కు ఇక్కడే. రైలు నుంచి విడిపోయి లైన్‌పై నిలిచిన వ్యాగన్‌ చప్పుడు చేయదు. డాస్‌కు అది కనిపించదు. ఇప్పుడున్న ట్రాక్‌ సర్క్యూట్‌, యాక్సిల్‌ కౌంటర్‌ మాత్రం దాన్ని వదలవు. పైగా వాటిలో లోపం వస్తే ‘లైన్‌ ఖాళీ లేదు’ అనే చూపించేలా డిజైన్‌ చేస్తారు. అదే ఫెయిల్‌సేఫ్‌. వందలో 99 సార్లు సరిగ్గా చెప్పే ఏఐ మోడల్‌కు కాలేజీ ప్రాజెక్టులో మంచి మార్కులొస్తాయి. సిగ్నలింగ్‌లో ఆ మిగిలిన ఒక్కటే ప్రమాదం.

దీనికో దారి ఫైబర్‌ బ్రాగ్‌ గ్రేటింగ్‌. ఈ సెన్సర్‌ను పట్టాకు అతికిస్తారు. చక్రం వెళ్లినప్పుడు పట్టా వంగుతుంది, సెన్సర్‌ నుంచి తిరిగొచ్చే తరంగదైర్ఘ్యం మారుతుంది. అలా ఇరుసులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టొచ్చు. లోపలికెళ్లినవి ఎన్ని, బయటికొచ్చినవి ఎన్ని అని చూస్తే ఆగిన బండీ దొరికిపోతుంది. 25 కేవీ విద్యుత్‌ లైన్‌ ప్రభావం కూడా దీనిపై పడదు.

‘ఈసీఈకి కోర్‌ జాబ్స్‌ ఎక్కడున్నాయి?’ అని అడుగుతుంటారు. రైల్వే సిగ్నలింగ్‌ శిక్షణ సంస్థ ఇరిసెట్‌ మన సికింద్రాబాద్‌లోనే ఉంది. ‘కవచ్‌’ తయారుచేసే మేధా, హెచ్‌బీఎల్‌, కెర్నెక్స్‌ హైదరాబాద్‌ కంపెనీలే. ఈ రంగంలోకి రావాలంటే పైథాన్‌ ఒక్కటే చాలదు. డిజిటల్‌ సిగ్నల్‌ ప్రాసెసింగ్‌, ఫైబర్‌ ఆప్టిక్స్‌ బేసిక్స్‌తోపాటు సిల్‌-4 భద్రతా స్థాయి అంటే ఏంటో చదవండి. మీ ప్రాజెక్టు రిపోర్టులో ‘అక్యూరసీ ఎంత’ అన్న పేజీ పక్కన ఇంకో పేజీ చేర్చండి: ‘ఇది ఫెయిలైతే ఏం జరుగుతుంది?’ ఇంటర్వ్యూలో మిమ్మల్ని నిలబెట్టేది ఆ పేజీనే.