మిషన్ కొన్నారు సరే, ఆ అంకెతో ఏం చేస్తున్నారు?

గల్ఫ్ నుంచి సెలవుపై వచ్చే పిల్లలు ఇప్పుడు అత్తరు సీసాలతో పాటు అమ్మానాన్నలకు బీపీ మిషనో, స్మార్ట్ వాచీనో తెస్తున్నారు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేవారు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి ఎల్లారెడ్డిలోని ఇంటికి పంపిస్తున్నారు. మంచిదే. పెద్ద డాక్టరుకు చూపించుకోవాలని ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి వచ్చి వెళ్లాలంటే ఒక పూట పోతుంది. ఇంట్లోనే బీపీ తెలిస్తే ఆ తిరుగుడు కొంత తగ్గుతుంది. అయితే ఓపీలో ‘ఏ కంపెనీది కొనమంటారు సార్’ అని అడిగేవారే ఎక్కువ. వచ్చిన అంకెను ఏం చేయాలని అడిగేవారు తక్కువ.

ఇంటికి ఒక్క పరికరమే కొనగలిగితే, జబ్బకు కట్టే డిజిటల్ బీపీ మిషన్ కొనండి. మణికట్టుకు కట్టేది వద్దు, చేయి కాస్త పైకీ కిందికీ జరిగితే చాలు, అంకె మారిపోతుంది. కంపెనీ పేరు కన్నా పట్టీ సైజు ముఖ్యం. లావుగా ఉన్న చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది. పరీక్షించి సరిగా పనిచేస్తాయని తేల్చిన మోడళ్ల జాబితా ‘స్ట్రైడ్ బీపీ’ వెబ్‌సైట్‌లో ఉంది. కొనేముందు మీ పిల్లల్ని ఒకసారి చూడమనండి.

చూసుకునే పద్ధతి కూడా అంతే ముఖ్యం. టీ తాగి అరగంట దాటాలి. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేలా కుర్చీలో ఐదు నిమిషాలు కూర్చోవాలి. చేయి గుండె ఎత్తులో బల్లపై పెట్టాలి. చొక్కా చేతుల మీద పట్టీ కట్టొద్దు. కొలుస్తున్నప్పుడు కోడలితో, ఫోన్‌తో మాట్లాడొద్దు. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రాసుకోండి. డాక్టరును కలిసే ముందు వారం రోజులు ఉదయం, సాయంత్రం ఇలా రాస్తే చాలు. ఇంట్లో సగటు 135/85 లేదా అంతకు మించి ఉంటే బీపీ ఎక్కువగా ఉన్నట్టే. గంటకోసారి చూసుకునే పెద్దమనుషులు కూడా ఉన్నారు, వాళ్లకు ఆ ఆందోళనతోనే బీపీ పెరుగుతుంది!

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి. 120/80 చూసి ‘నార్మల్ వచ్చింది కదా’ అని మాత్ర ఆపేస్తున్నారు. ఆ అంకె వచ్చిందంటే మాత్ర పనిచేస్తోందని అర్థం. ఆపిన కొన్నాళ్లకు పక్షవాతంతో వస్తే, మిషన్ కొనకముందే నయం అనిపిస్తుంది. అలాగే 180/120 దాటితే కంగారుపడి ఇంకో మాత్ర మింగొద్దు. ఐదు నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. అప్పటికీ అంతే ఉంటే అదే రోజు డాక్టరును కలవండి. దాంతో పాటు ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, కాలో చెయ్యో పడిపోవడం ఉంటే మళ్లీ కొలుస్తూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

షుగర్ మిషన్ చవకే, ఖర్చంతా స్ట్రిప్స్‌దే. ఇన్సులిన్ తీసుకునేవారికి అది తప్పనిసరి. 70 కన్నా తగ్గితే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంట తర్వాత మళ్లీ చూసుకోవాలి. షుగర్ అదుపులో ఉండి మాత్రలు మాత్రమే వాడేవారు చాలామందికి రోజూ వేలు పొడుచుకోవాల్సిన పనిలేదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షే వాళ్లకు ఎక్కువ ఉపయోగం. మంచి మిషన్‌కైనా పదిహేను శాతం వరకు తేడా ఉండొచ్చు కాబట్టి నిన్న 150, నేడు 160 అని దిగులుపడొద్దు. సీతాఫలం తిని చేయి కడుక్కోకుండా చూసుకుంటే మాత్రం ఆ పండులోని చక్కెర కూడా లెక్కలోకి వస్తుంది. లండన్ నుంచి పంపిన మిషన్ 7 అని చూపిస్తే భయపడకండి. అక్కడి కొలత వేరు. 18తో హెచ్చిస్తే మన లెక్కలో 126.

సూది గుచ్చకుండానే షుగర్ చెప్పే వాచీ, ఉంగరం అంటూ ఫోన్‌లో వచ్చే ప్రకటనలను నమ్మొద్దు. అలాంటి వాటిని వేటినీ తాము ఆమోదించలేదని అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఈసీజీ తీసే వాచీలు గుండె లయ తప్పడాన్ని కొంతవరకు పట్టగలవు, గుండెపోటును పట్టలేవు. ఛాతీ పట్టేసినప్పుడు వాచీలో ‘నార్మల్’ అని చూసి ఇంట్లో ఉండిపోవడం కన్నా ప్రమాదం లేదు.

కరోనా కాలంలో కొన్న ఆక్సిమీటర్లు చాలా ఇళ్లలో సొరుగుల్లో ఉన్నాయి. ఉబ్బసం, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి తప్ప మిగతావారికి కొత్తది అక్కర్లేదు.

ఇక ఆన్‌లైన్ సేవల్లో డబ్బు కట్టేవాటికి ముందు ఉచితంగా ఉన్నవి వాడండి. కేంద్ర ప్రభుత్వ ఈ-సంజీవని ద్వారా ఇంటి నుంచే డాక్టరుతో మాట్లాడి మందుల చీటీ పొందవచ్చు. పాత జబ్బుల మందుల సర్దుబాటుకు అది బాగానే ఉపయోగపడుతుంది, కడుపు నొక్కి చూడాల్సిన నొప్పికి పనికిరాదు. ఏ యాప్‌లో చూపించుకున్నా చీటీ మీద డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూడండి. 2020 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం అవి ఉండి తీరాలి. పిల్లలు దూరాన ఉండి, నిద్రపట్టక, దిగులుతో ఉన్న పెద్దలకు టెలీ మానస్ నంబరు 14416 రాసిపెట్టండి. తెలుగులోనే మాట్లాడతారు, ఏ వేళలోనైనా.

ఈసారి ఆస్పత్రికి వచ్చేటప్పుడు బీపీ రాసుకున్న పుస్తకంతో పాటు మిషన్‌ను కూడా సంచిలో వేసుకు రండి. మా మిషన్‌తో పక్కపక్కన పెట్టి చూస్తే మీది ఎంత తేడాగా చూపిస్తోందో అక్కడే తెలిసిపోతుంది.