రెండు డిస్కుల కాపురం

మా ఇంటి కంప్యూటర్లో రెండు డిస్కులు. నేను పల్లెల్లో అవ్వల చేత పాడించి రికార్డు చేసుకొచ్చిన పాటలు రెంటిలోనూ అచ్చంగా ఒకేలా ఉంటాయి. దీన్ని రెయిడ్ అంటారు. పొద్దున్నే స్విచ్చి వేయగానే లినక్స్ ఆ రెంటినీ జత కలపాలి. పేరు చూసి కలపదు సుమండీ! ప్రతి డిస్కుకీ ఓ నొసటి రాత ఉంటుంది: ఏ జట్టుదో చెప్పే గుర్తు, ఎన్ని మార్పులు చూసిందో చెప్పే లెక్క.

ఆ మధ్య ఒకదాని తీగ వదులైంది. పది రోజులు రెండోదే ఒంటరిగా బండి లాగింది, నేను గమనిస్తేగా! తీరా తీగ బిగించి స్విచ్చి వేస్తే, పాతదాన్ని చేర్చుకోనంది. మండిపడ్డాను. చూస్తే దాని లెక్క వెనకబడి ఉంది. గుడ్డిగా చేర్చుకుని ఉంటే ఆ పది రోజుల పాటల గతేమిటి? అవి పాడిన అవ్వ ఇప్పుడు లేరు.

చివరికి నేనే ఆజ్ఞ ఇచ్చి చేర్చాను. నకలు పూర్తయ్యేసరికి కోడి కూసింది.