సినిమా ఎత్తుకుపోయిన నాటకకర్త: ఒక అపవాదుపై ఆక్షేపణ

తనికెళ్ళ భరణి అనే నాటకకర్తను సినిమా ఎత్తుకుపోయిందన్న మాట తరచు వినిపిస్తుంది. ఈ విలాపంలో సానుభూతి కంటే సోమరితనమే ఎక్కువ.

సికింద్రాబాద్‌లో చదువుకొనే రోజుల్లో 'అద్దె కొంప' నాటికతో మొదలై, రాళ్ళపల్లి ప్రోత్సాహంతో బలపడిన ఆ రచన 'గోగ్రహణం', 'గార్దభాండం', 'చల్ చల్ గుర్రం', 'కొక్కొరోకో'ల దాకా సాగింది. శీర్షికలనే చూడవచ్చు. ఒకటి విరాటపర్వ ఘట్టాన్ని తలపిస్తుంది. ఒకటి గాడిదగుడ్డుకు సంస్కృత సమాస గాంభీర్యం తొడుగుతుంది. మరొకటి పసిపిల్లల ఆటపాట. పండితభాషనూ వీధిమాటనూ ఇరుగుపొరుగుగా నిలిపే ఈ నేర్పు 'లేడీస్ టైలర్' (1986) సంభాషణలతో అంతరించలేదు; అక్కడ మరో పనికి వచ్చింది. 'శివ' (1989)కు మాటలు రాసినవారే నానాజీగా తెరమీదికీ వచ్చారు. రాసినవాడే వేషం కట్టడం నాటక సమాజాలకు కొత్త కాదు.

'యమలీల' (1994)లోని తోటరాముడి యాసపై అభ్యంతరం మాత్రం కొట్టివేయదగినది కాదు. తెలంగాణ పలుకుబడి తెరమీద నవ్వుకో, దుష్టత్వానికో గుర్తుగా మిగలడంలో పరిశ్రమతోపాటు నటుడికీ బాధ్యత ఉంది. అయితే ఆయన నాటకాల భాషతో పోల్చకుండా ఇచ్చే తీర్పు సగం తీర్పే.

గొల్లపూడి మారుతీరావు 'డాక్టర్ చక్రవర్తి' (1964)తో సినీరచనకు, 1982లో నటనకు వచ్చారు. అంతమాత్రాన నాటకకర్త కాకుండా పోలేదు. భరణికి వేరే కొలత ఎందుకు?

కొరత పరిశోధనలోనే ఉంది. అచ్చుప్రతినే సాహిత్యంగా లెక్కించే అలవాటు ప్రదర్శన ప్రతులనూ, నటుల జ్ఞాపకాలనూ పక్కన పెట్టింది. మొదట అడగవలసిన సాక్షి రాళ్ళపల్లి 2019లో కన్నుమూశారు. ఆ తరం నటులు వృద్ధులవుతున్నారు.