బీరే కదా అనుకునే సీసాలో ఏముంది

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్లలో పసుపు తప్ప వేరే పని ఉండదు. తవ్వాలి, ఉడకబెట్టాలి, కళ్లంలో ఆరబోయాలి, డ్రమ్ముల్లో వేసి పాలిష్ పట్టాలి, బస్తాలకెత్తి నిజామాబాద్ యార్డుకో, ధర బాగుందంటే సాంగ్లీకో పంపాలి. పొద్దంతా నెత్తిన ఎండ, ముందు బాయిలర్ ఆవిరి. అలాంటి రోజు సాయంత్రం వైన్స్ పక్కన పర్మిట్ రూములోనో, అంకాపూర్ నాటుకోడి కూర ముందు పెట్టుకుని కూర్చున్న దావత్‌లోనో ఎవరైనా వద్దని చెయ్యి అడ్డం పెడితే చుట్టూ ఉన్నవాళ్లు అనే మాట ఒక్కటే: “బీరే కదనే, తాగు.”

ఆ మాట వెనక గట్టి నమ్మకం ఉంది. మందు వేరు, బీరు వేరట. బీరు ఒంటికి చలువట. కిడ్నీలో రాళ్లుంటే పోతాయట. విస్కీ జోలికి పోకుండా బీరుతో ఆగిన కుర్రాడు బుద్ధిమంతుడట. చదువుకోనివాళ్ల మాటలని వీటిని తోసెయ్యడానికి లేదు. ఉద్యోగస్తులూ అంటారు, పిల్లల తల్లిదండ్రులూ అంటారు. మన దగ్గర అమ్ముడయ్యే బీరును చూసి చెబుతున్నాను, ఈ నమ్మకం మొదలంటా తప్పు. పైగా ప్రమాదం.

ముందు లెక్క చూద్దాం. దేశంలో ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం ఆల్కహాల్ 5 శాతం లోపు ఉంటే లైట్ బీరు, 5 దాటి 8 దాకా ఉంటే స్ట్రాంగ్. మనవాళ్లు దుకాణం ముందు నిలబడి “స్ట్రాంగ్ ఇయ్యి” అని అడిగేది ఈ రెండోదే. పెద్ద సీసా 650 మిల్లీలీటర్లు. 8 శాతం లెక్కన అందులో శుద్ధమైన ఆల్కహాల్ 52 మిల్లీలీటర్లు. ఇప్పుడు విస్కీ వైపు రండి. మన దేశంలో విస్కీ, బ్రాందీ, రమ్ముల్లో ఆల్కహాల్ మామూలుగా 42.8 శాతం. అరవై మిల్లీలీటర్ల పెద్ద పెగ్గులో ఉండేది దాదాపు 25.7 మిల్లీలీటర్లు. అంటే ఒక్క స్ట్రాంగ్ బీరు సీసా రెండు పెద్ద పెగ్గులకు సమానం. రెండు సీసాలు తాగినవాడు ఒక క్వార్టరూ, దాని మీద ఇంకో పెద్ద పెగ్గూ తాగినట్టు. అదే మనిషి ముందు క్వార్టర్ సీసా పెట్టి తాగమంటే ఇంట్లోవాళ్లకు భయపడతాడు. రెండు బీర్లయితే మోటార్ సైకిల్ తీసి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కుతాడు.

మోటారు వాహనాల చట్టం ప్రకారం బండి నడిపేవాడి రక్తంలో వంద మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉండకూడదు. డెబ్బై కిలోల మనిషి గంటలోపు ఒక్క స్ట్రాంగ్ సీసా ఖాళీ చేస్తే ఈ హద్దు రెట్టింపు దాటిపోవచ్చు. ఆ ఒక్క సీసా పూర్తిగా దిగడానికి లివరుకు నాలుగైదు గంటలు పడుతుంది. “ఒక్క బీరే తాగిన సార్” అని పోలీసులతో చెప్పేవాడు అబద్ధమాడటం లేదు. ఆ ఒక్క బీరు ఎంతో అతనికి ఎవరూ చెప్పలేదు.

బీరు తేలికైనదన్న పేరు ఊరికే రాలేదు. అది పుట్టినచోట ఆ పేరు నిజమే. ఈనాడు ప్రపంచమంతా తాగే లాగర్ బీరు బవేరియా చలిలో పెరిగింది. ఎండాకాలం కాచిన బీరు చెడిపోతోందని అక్కడి పాలకుడు 1553లో ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 దాకా బీరు కాయడమే నిషేధించాడు. దాంతో చలికాలంలో కాచి, కొండల కింద తవ్విన నేలమాళిగల్లో, చెరువుల్లోంచి కోసి తెచ్చిన మంచుగడ్డల మధ్య వేసవి దాకా నిల్వ ఉంచేవారు. నేల మీద ఎండ పడకుండా పైన చెస్ట్‌నట్ చెట్లు నాటేవారు. ఆ చలిలో బతకగలిగిన ఈస్టే అక్కడ నిలిచింది. అది మామూలు బీరు ఈస్టుకూ, చలిని ఓర్చుకునే ఒక అడవి ఈస్టుకూ పుట్టిన సంకరం. ఆ అడవి జాతిని దక్షిణ అమెరికాలోని పటగోనియా అడవుల్లో గుర్తించినట్టు శాస్త్రవేత్తలు 2011లో ప్రకటించారు. లాగర్ ఈస్టును ఒంటరిగా వేరుచేసి పెంచే పద్ధతిని 1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ సాధించాడు. ఆ ఈస్టును కంపెనీ దాచుకోలేదు, అడిగిన ఇతర బీరు తయారీదారులకూ ఇచ్చింది.

పని తీరు చూస్తే ఓపిక ఎంత కావాలో తెలుస్తుంది. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి మాల్టు చేస్తారు. దాన్ని మరపట్టించి వేడి నీళ్లలో నానబెడితే పిండి తీపిగా మారుతుంది. ఆ తీపి ద్రవాన్ని వడగట్టి, చేదునూ వాసననూ ఇచ్చే హాప్స్ పూలు వేసి మరిగిస్తారు. చల్లార్చి ఈస్టు కలిపాక పది డిగ్రీల అటూ ఇటూ వేడిలో వారం పది రోజులు నెమ్మదిగా పులవాలి. అక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటు. లేత బీరులో వెన్న వాసన ఉంటుంది, గంధకపు ఛాయ ఉంటుంది. వాటిని ఈస్టే తిరిగి తినేయాలి. అందుకే దాదాపు గడ్డకట్టే చలిలో వారాల తరబడి కదలకుండా ఉంచుతారు. తొందరపడినవాడి తప్పు మొదటి గుక్కలోనే తెలిసిపోతుంది. కారం, మసాలా దిట్టంగా వేసి మాంసం వాసనను కప్పినట్టు లాగర్‌లో దేన్నీ కప్పడం కుదరదు.

బొహీమియాలోని పిల్సెన్ పట్టణంలో 1838లో చెడిపోయిన బీరును 36 పీపాలు నడివీధిలో పారబోశారు. తాగేవాళ్లకు కోపం వచ్చింది కాబట్టి ఊరంతా కలిసి కొత్త బట్టీ కట్టుకున్నారు. బవేరియా నుంచి యోసెఫ్ గ్రోల్ అనే పనివాణ్ని పిలిపించారు. అక్కడి ఉప్పులు తక్కువున్న మెత్తటి నీళ్లతో, జాటెట్స్ ప్రాంతపు హాప్స్‌తో అతను 1842లో తీసిన బంగారు రంగు బీరే ఈరోజు లోకంలోని చాలా లాగర్లకు తల్లి. అది ఇప్పటికీ అక్కడ తయారవుతోంది. అందులో ఆల్కహాల్ 4.4 శాతం.

ఇక్కడ నాకు ఎదురు చెప్పేవాళ్లుంటారు. స్ట్రాంగ్ లాగర్ కూడా జర్మనీ సంప్రదాయమే కదా, మ్యూనిక్‌లో పౌలానర్ సన్యాసులు కాచిన సాల్వేటర్ బీరు మాటేమిటి అంటారు. నిజమే, అలాంటి చిక్కటి బీర్లున్నాయి. అవి ఉపవాసాల రోజుల కోసం పుట్టాయి, మాల్టు ఎక్కువ పోసి చేసినవి, చలిలో ఎక్కువ కాలం నిల్వ పెట్టినవి. పండుగకు చేసిన వంట అది. మన దగ్గర స్ట్రాంగ్ అంటే ఏడాది పొడవునా, మండుటెండలో, ఖాళీ కడుపున, గబగబా. మన దేశంలో మాల్టుతో పాటు బియ్యం, మొక్కజొన్న, చక్కెర వాడుకోవడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. అందులో దోషమేమీ లేదు, అమెరికాలోనూ బియ్యం, మొక్కజొన్న వేస్తారు. రుచి కోసం కాకుండా కిక్కు కోసమే ఆల్కహాల్ పెంచడం మీదే నా అభ్యంతరం. పైగా దాన్ని నాలుక మొద్దుబారేంత చల్లగా ఇస్తారు. అంత చల్లదనంలో ఏ రుచీ తెలియదు. మరిగించిన మాల్టు ద్రవం మీద వారాల కొద్దీ పెట్టిన శ్రమ ఎటుపోయినా మనకు పట్టదు, ఎక్కిందా లేదా అన్నదే లెక్క.

“మనోళ్లకు లైట్ పడదు, మన ఎండకు స్ట్రాంగే తగింది” అన్నది ఇంకో వాదన. ఎండ సంగతి 1553లోనే తేలింది. ఎండలో లాగర్ కాయలేకపోయిన బవేరియానే, 1870లలో కార్ల్ ఫాన్ లిండే చల్లబరిచే యంత్రం కనిపెట్టాక వేసవిలోనూ కాచుకుంది. సంగారెడ్డి జిల్లాలోని బట్టీల్లోనూ ఆ యంత్రాల వారసులే పనిచేస్తున్నాయి. కాబట్టి వాతావరణం తేలిక బీరుకు అడ్డం కాదు. ఇక రుచి అంటారా? లైట్ సీసాకూ స్ట్రాంగ్ సీసాకూ ధరలో తేడా చాలా స్వల్పం. లోపల ఆల్కహాల్ మాత్రం ఒకటిన్నర రెట్లు. రోజు కూలి మీద బతికే మనిషి ఏది కొంటాడు? దాన్ని రుచి అనడం అతన్ని అవమానించడమే. అతను తన డబ్బుకు లెక్క చూసుకున్నాడు, అంతే. ఆ లెక్కను అలా తయారుచేసింది ధరల పద్ధతి. ఏళ్లు గడిచేసరికి అలవాటయింది, అలవాటుకు మన సంస్కృతి అని పేరు పెట్టుకున్నాం.

చలువ మాట నాకు అన్నిటికంటే బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఎండలో పనిచేసేవాళ్లే దాన్ని ఎక్కువ నమ్ముతారు. ఆల్కహాల్ మెదడు నుంచి వచ్చే ఒక హార్మోనును అణిచేస్తుంది. కిడ్నీలకు నీళ్లు పట్టి ఉంచమని చెప్పే హార్మోను అది. అది తగ్గితే మూత్రం ఎక్కువ పోతుంది. చెమటతో అప్పటికే ఎండిపోయిన ఒంట్లోంచి ఇంకా నీళ్లు బయటికి పోతాయి. వడగాలుల రోజుల్లో మద్యం ముట్టొద్దని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ చెప్పేది ఇందుకే. గొంతులో చల్లగా దిగింది కాబట్టి ఒంటికి చలువ అనుకోవడం పొరపాటు. చలువ కావాలంటే మజ్జిగ ఉంది, అంబలి ఉంది, ఉప్పేసిన నీళ్లున్నాయి. రాళ్ల సంగతీ అంతే. మూత్రం ఎక్కువైతే చిన్న రాయి ఒకటి జారిపోతే పోవచ్చు, ఆ పని మంచినీళ్లూ చేస్తాయి. ఉన్న రాయిని బీరు కరిగించదు. పైగా బీరు రక్తంలో యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది. కొందరికి రాయి కట్టేదే దానితో.

“కల్తీ కల్లు కంటే సీలున్న సీసా నయం కదా” అనేవాళ్లను కసురుకోలేను. మన పాత నిజామాబాద్ జిల్లాలో ఆ భయానికి కారణముంది. 2025 ఏప్రిల్‌లో కామారెడ్డి జిల్లా నసురుల్లాబాద్ ప్రాంతంలో కల్లు తాగి పదుల మంది ఆస్పత్రుల పాలయ్యారు. అదే ఏడాది జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో ప్రాణాలే పోయాయి. కల్లులో కలిపే అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ అన్న పేర్లు మన ఊళ్లలో అందరికీ తెలుసు. అయితే దుకాణంలో కలిపిన మత్తుమందుకు చెట్టు కల్లును దోషిని చెయ్యకూడదు. మోకు కట్టుకుని గౌడన్న దించిన ఈత కల్లు, తాటి కల్లు మామూలుగా లైట్ బీరంత బలమే ఉంటుంది, పొద్దున తీసింది సాయంత్రానికి పుల్లబడిపోతుంది. ఎంత బలం ఉండాలో, ఎంతసేపు నిలవాలో ఆ కల్లుకు దాని హద్దు దానికే ఉంది. సీలు వేసిన సీసా విషం నుంచి కాపాడుతుందేమో గానీ, లోపలున్న రెండు పెగ్గుల ఆల్కహాల్ నుంచి కాపాడదు. ఆల్కహాల్ ఎంత తక్కువైనా ఆరోగ్యానికి సురక్షితం అనడానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది. తేలిక బీరు మంచిదని నేనూ అనడం లేదు. దానికీ దీనికీ ఉన్న తేడాను దాచొద్దంటున్నాను.

దాచడమనే మాట తెలిసే వాడుతున్నాను. 2025 జనవరి 8న కింగ్‌ఫిషర్ తయారుచేసే యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణకు సరఫరా ఆపుతున్నట్టు ప్రకటించినప్పుడు రాష్ట్రమంతా గగ్గోలైంది. ధర పెంచలేదనీ, బకాయిలు తీర్చలేదనీ కంపెనీ అంది. జనవరి 20న సరఫరా మళ్లీ మొదలైంది, ఫిబ్రవరిలో ధరలు 15 శాతం పెరిగాయి. పేపర్లలో, టీవీల్లో నెల రోజుల పాటు సీసా ధర మీదా, దొరుకుతుందా లేదా అన్నదాని మీదా చర్చ నడిచింది. ఆ సీసాలో ఆల్కహాల్ ఎంత, ధరకూ దానికీ సంబంధం ఏమిటి అని అడిగినవాళ్లు నాకు కనిపించలేదు.

యార్డులో పసుపు కొనేవాణ్ని చూడండి. కుప్పలోంచి ఒక కాడి తీసి రెండు వేళ్ల మధ్య విరుస్తాడు. టక్కున విరిగి లోపల రంగు ఒకేలా కనిపిస్తే ఉడుకు సరిపోయింది, ఎండింది. వంగితే తేమ ఉన్నట్టు, ధర కోసేస్తాడు. అమ్మే రైతు కూడా ఆ విరుపు చప్పుడు కోసమే చెవి పెడతాడు. పొడవాటి కాడికీ గుండ్రటి గోళకూ ఇంత తేడా చూసే మనుషులు సాయంత్రం చేతికొచ్చిన సీసాను తిప్పి చూడరు. చూసినా ప్రయోజనం తక్కువే. చాలా స్ట్రాంగ్ సీసాల మీద ఆల్కహాల్ 5 శాతానికి పైన, 8 శాతానికి లోపు అని మాత్రమే, చిన్న అక్షరాల్లో ఉంటుంది. సరిగ్గా ఎంతో ఉండదు. పసుపులో తేమ 5 నుంచి 8 శాతం మధ్య ఎంతైనా ఉండొచ్చని చీటీ రాసిస్తే ఏ వ్యాపారైనా ఒప్పుకుంటాడా?

అందుకని ప్రభుత్వాన్ని అడగాల్సినవి ఉన్నాయి. ప్రతి సీసా మీద అసలు శాతం ఎంతో తెలుగులో, పెద్ద అక్షరాల్లో వేయించాలి. దాని పక్కనే అది ఎన్ని పెగ్గులకు సమానమో కూడా రాయించాలి. అది చూసినవాడు “బీరే కదా” అని అనలేడు. రెండోది పన్ను. జర్మనీలో బీరు పన్నును పులవకముందు ద్రవంలో ఉన్న సారాన్ని బట్టి వేస్తారు. బ్రిటన్‌లో 2023 ఆగస్టు నుంచి అన్ని మద్యాలకూ ఆల్కహాల్ బలాన్ని బట్టే సుంకం, బలం తక్కువుంటే రేటు తక్కువ. ఇక్కడా సీసాలో ఉన్న ఆల్కహాల్ గ్రాముల లెక్కన పన్ను వేస్తే లైట్ సీసా చౌకవుతుంది, స్ట్రాంగ్ సీసా దాని అసలు ధరకు చేరుతుంది. అప్పుడు మనవాళ్ల రుచి ఏదో నిజంగా తెలుస్తుంది.

ఖజానాకు గండి పడుతుందని ఎక్సైజ్ లెక్కలు చూసేవాళ్లు అంటారు. పడక్కర్లేదు. స్ట్రాంగ్ మీద పెంచిన సుంకం లైట్ మీద తగ్గించినదాన్ని పూడ్చేలా రేట్లు కట్టుకోవచ్చు, ఆ లెక్క కట్టగలిగినవాళ్లు ఆ శాఖలోనే ఉన్నారు. రాష్ట్రంలో బీరు మొత్తాన్నీ కంపెనీల నుంచి కొని దుకాణాలకు చేర్చేది ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషనే కాబట్టి, ఏ రకం బీరు ఎన్ని పెట్టెలుగా పోతోందో దాని పుస్తకాల్లో ఇప్పటికే ఉంటుంది. ఆ అంకెలను జిల్లాలవారీగా బయటపెట్టడంతో మొదలుపెట్టవచ్చు.